నలభై నిమిషాల్లో నేరస్థుడు దొరుకుతాడా?

ల్యాబులోకి ఓ వెంట్రుక వెళుతుంది. ప్రకటనల విరామం అయ్యేసరికి హంతకుడి ఫొటో బయటికొస్తుంది. ఇది బుల్లితెర మీద సంగతి. మరి నిజం ల్యాబుల్లో ఏం జరుగుతుంది? క్రైమ్ సీరియళ్లు చూపించే సైన్సులో అసలెంత... కొసరెంత?

మూసి ఉన్న గది. లోపల శవం. దయా ఒక్క తన్నుతో తలుపు పగలగొడతాడు. ఏసీపీ ప్రద్యుమన్ గాల్లో వేళ్లు తిప్పుతూ ఆలోచనలో పడతాడు. సోఫా కింద ఓ వెంట్రుక దొరుకుతుంది. తర్వాతి సీన్లో డాక్టర్ సాలుంకే పరీక్షనాళికలో ఏవో రంగునీళ్లు కలుపుతాడు. కంప్యూటర్ వంక చూస్తాడు. విషం పేరేమిటి, మనిషి పోయింది ఎప్పుడు, హంతకుడు ఎలాంటివాడు... అన్నీ గడగడా చెప్పేస్తాడు. ఎపిసోడ్ ముగిసేలోపు దోషి చెంప ఛెళ్లుమంటుంది!

1998 జనవరిలో సోనీ టీవీలో మొదలైన 'సీఐడీ' రెండు దశాబ్దాలు సాగి 2018లో ఆగింది. 2024 డిసెంబరులో మళ్లీ మొదలైంది. అమెరికాలో ఇలాంటి ఆదరణే పొందిన షో 'సీఎస్ఐ'. లాస్‌వెగాస్ నగరంలోని నేర పరిశోధక బృందం కథ అది. 2000 అక్టోబరులో మొదలై 2015 దాకా పదిహేను సీజన్లు నడిచింది. అంతకుముందు తెర మీద హీరో అంటే తుపాకీ పట్టుకున్న పోలీసు. ఈ షోలు వచ్చాక తెల్లకోటు వేసుకున్న శాస్త్రవేత్త కూడా హీరో అయ్యాడు.

విచిత్రమేమిటంటే ఈ షోలలో కనిపించే పరీక్షల్లో చాలావరకూ నిజంగా ఉన్నవే. కల్పనంతా రెండు విషయాల్లో ఉంటుంది. ఒకటి వేగం, రెండోది ధీమా. చూసేవాళ్లకు అదో సరదా. కానీ ఆ రెండూ తెర దాటి కోర్టుల్లోకి వస్తే మాత్రం ఏ పాపం ఎరగని మనిషి జైలుకెళ్లొచ్చు.

నీలికాంతి వెనక...

చీకటి గదిలో నిపుణుడు ఏదో ద్రావణం చల్లుతాడు. శుభ్రంగా కడిగేసిన నేల మీద నెత్తుటి మరకలు నీలంగా మెరుస్తాయి. 'సీఎస్ఐ' ప్రేక్షకులకు బాగా అలవాటైన దృశ్యమిది. ఆ ద్రావణం నిజంగానే ఉంది. పేరు లూమినాల్. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉంటుంది కదా! లూమినాల్‌కు హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి చల్లితే, ఆ ఇనుము తగిలినచోట రసాయన చర్య పుంజుకుని నీలికాంతి వస్తుంది. అదీ కొద్ది సెకన్లే. అందుకే నిపుణులు గదిని చీకటి చేసి, కెమెరా సిద్ధం చేసుకుని మరీ చల్లుతారు.

ఇక్కడే ఓ చిక్కుంది. లూమినాల్ రక్తానికే కాదు, బ్లీచింగుకూ మెరుస్తుంది. రాగికీ మెరుస్తుంది. కొన్ని దుంపల్లోని ఎంజైములకూ మెరుస్తుంది. ఉదయమే బాత్రూము బ్లీచింగుతో కడిగిన ఇంట్లోనూ ఆ వెలుగు రావచ్చు. కాబట్టి అది చెప్పేది 'ఇక్కడ రక్తం ఉండొచ్చు' అని మాత్రమే. అది రక్తమేనా? మనిషిదేనా? ఎవరిది? ఈ మూడు ప్రశ్నలకూ వేర్వేరు పరీక్షలు చేయాలి. టీవీలో మూడింటికీ ఒక్క మెరుపుతోనే జవాబు దొరుకుతుంది.

ఈగలే సాక్షులు

'రాత్రి తొమ్మిదికీ తొమ్మిదిన్నరకూ మధ్య చనిపోయాడు' అని తెర మీది డాక్టరు ఠకీమని చెబుతాడు. నిజం డాక్టరు అలా చెప్పలేడు. ప్రాణం పోయాక శరీరం చల్లబడుతుంది. కొన్ని గంటలకు దవడ దగ్గర మొదలై కండరాలన్నీ బిగుసుకుంటాయి. తర్వాత మళ్లీ వదులవుతాయి. ఇదంతా గడియారం ప్రకారం జరగదు. మన ఎండాకాలంలో త్వరగా జరిగిపోతుంది. ఏసీ గదిలో నెమ్మదిస్తుంది. మనిషి లావు, వేసుకున్న బట్టలు, చనిపోయేముందు జ్వరం ఉందా లేదా... అన్నిటినీ బట్టి లెక్క మారిపోతుంది. అందుకే డాక్టర్లు నిమిషాలు చెప్పరు, ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల మధ్య అంటారు.

రోజులు గడిస్తే పురుగుల సాయం తీసుకుంటారు. 'సీఎస్ఐ' నాయకుడు గిల్ గ్రిస్సమ్ కీటక శాస్త్రవేత్త కావడం ఊరికే కాదు. శవం మీద ఈగలు గుడ్లు పెడతాయి. లార్వాలు ఎంత పెరిగాయో, అక్కడి ఉష్ణోగ్రత ఎంతో చూసి ఎన్ని రోజులయిందో అంచనా కడతారు. ఈ విద్య చాలా పాతది. చైనా న్యాయాధికారి సాంగ్ సి 1247లో రాసిన గ్రంథంలో ఓ సంగతి ఉంది. ఓ పల్లెలో కొడవలితో హత్య జరిగింది. విచారణకొచ్చిన అధికారి ఊళ్లోవాళ్లందరి కొడవళ్లనూ తెప్పించి ఎండలో పరిపించాడు. చూడటానికి అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. కానీ ఈగలు మాత్రం ఒక్క కొడవలి మీదే వాలాయి. కంటికి కనిపించని నెత్తుటి వాసన వాటికి తెలిసిపోయింది. దాని యజమాని నేరం ఒప్పుకున్నాడు!

కలకత్తా కానుక

వేలిముద్రను కంప్యూటర్లో పెట్టగానే ఫొటోలు గిర్రున తిరిగి ఒకచోట ఆగిపోవడం సీరియళ్లలో మామూలే. ఈ విద్యకు మన దేశంతో గట్టి అనుబంధమే ఉంది. వేలిముద్రల బ్యూరో ప్రపంచంలోనే తొలిసారి 1897లో కలకత్తాలో ఏర్పాటైంది. ముద్రలను వర్గాలుగా విడదీసి వెతికే పద్ధతి వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ పోలీసు ఉద్యోగుల కృషి ఉంది. పేరు మాత్రం వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీది నిలిచిపోయింది.

నిజంలో కంప్యూటర్ ఒక్కరి పేరు చెప్పి ఊరుకోదు. పోలికలున్నవారి జాబితా ఇస్తుంది. తేల్చాల్సింది నిపుణుడి కన్నే. ఆ కన్ను కూడా పొరబడొచ్చు. 2004 మార్చిలో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో రైళ్లలో బాంబులు పేలాయి. డిటొనేటర్లున్న సంచి మీద దొరికిన ముద్ర అమెరికాలోని ఓ న్యాయవాదిదేనని ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చారు. ఆయన్ని నిర్బంధించారు. స్పెయిన్ పోలీసులేమో అది మరొకరిదని కనిపెట్టారు. ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది. 2006లో అమెరికా ప్రభుత్వం 20 లక్షల డాలర్ల పరిహారమూ చెల్లించింది.

పాము నుంచి కోర్టు దాకా

ఇక అన్నిటికన్నా పెద్ద హీరో డీఎన్ఏ. మనుషులందరి డీఎన్ఏ 99 శాతానికి పైగా ఒకేలా ఉంటుంది. మిగిలిన కాస్తలో, కొన్నిచోట్ల చిన్న చిన్న అక్షరాల గుంపులు పదే పదే వస్తుంటాయి. ఎన్నిసార్లు వస్తాయన్నది మనిషికో రకంగా ఉంటుంది. అలాంటి చోట్లను పోల్చి చూడటమే డీఎన్ఏ పరీక్ష. కవల పిల్లలు అచ్చంగా ఒకే పిండం నుంచి పుట్టినవాళ్లయితే ఈ పరీక్షా తేల్చలేదు.

దీన్ని మన దేశానికి తెచ్చింది హైదరాబాద్‌లోని సీసీఎంబీ. అక్కడి శాస్త్రవేత్త లాల్జీ సింగ్ మొదట్లో పరిశోధించింది పాముల మీద. కట్లపాముల్లో ఆడా మగా తేడా ఎలా వస్తుందో తెలుసుకునే క్రమంలో దొరికిన డీఎన్ఏ ముక్కే తర్వాత మనుషుల్ని గుర్తుపట్టే సాధనమైంది. రాజీవ్ గాంధీ హత్య, ఢిల్లీ తందూర్ హత్య కేసుల్లో మృతుల్ని గుర్తించడానికి ఈ పరిజ్ఞానమే తోడ్పడింది. డీఎన్ఏ పరీక్షల కోసమే హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే ప్రత్యేక కేంద్రం కూడా వెలిసింది.

నమూనా నుంచి డీఎన్ఏ తీయాలి. ఎంతుందో కొలవాలి. దాని ప్రతులు లక్షల్లో చేయాలి. యంత్రంలో పెట్టి చదవాలి. ఆపైన నిపుణులు సరిచూడాలి. అన్నీ సవ్యంగా సాగినా ఒకట్రెండు రోజుల పని. ల్యాబులో అప్పటికే వందల కేసులు వరసలో ఉంటే నెలలూ పడుతుంది. విషం కేసులదీ అదే దారి. పోస్టుమార్టంలో తీసిన కాలేయం, పేగుల భాగాల్ని సాధారణంగా చిక్కటి ఉప్పునీళ్లలో నిల్వచేసి సీసాల్లో ల్యాబుకు పంపుతారు. సాలుంకే రంగునీళ్లలా ఒక్క చుక్కతో అన్ని విషాలనూ పట్టేసే మందేమీ లేదు. ఒక్కో రకం విషానికి ఒక్కో పరీక్ష చేసుకుంటూ పోవాలి.

పోనీ, డీఎన్ఏ కలిస్తే ఇక తిరుగులేనట్లేనా? 2012లో కాలిఫోర్నియాలో ఓ సంపన్నుడి హత్య జరిగింది. హతుడి గోళ్లలో ఓ వ్యక్తి డీఎన్ఏ దొరికింది. అతణ్ని పట్టుకుని జైల్లో పెట్టారు. తీరా చూస్తే ఆ రాత్రి అతను తాగి పడిపోయి ఆసుపత్రిలో ఉన్నాడు! ముందు అతనికి సాయం చేసిన అంబులెన్సు సిబ్బందే, కొద్ది గంటల తర్వాత హత్య జరిగిన ఇంటికీ వెళ్లారు. వాళ్ల ద్వారానే అతని డీఎన్ఏ అక్కడికి చేరింది. ఆ సంగతి తేలేసరికి అతను అయిదు నెలలకు పైగా జైల్లో గడిపాడు. డీఎన్ఏ అబద్ధం చెప్పలేదు. అది ఎవరిదో సరిగ్గానే చెప్పింది. అక్కడికి ఎలా వచ్చిందో మాత్రం చెప్పలేకపోయింది.

జూమ్ చేస్తే సరా?

సీసీ కెమెరా దృశ్యం మసకగా ఉంటుంది. 'జూమ్ చెయ్' అనగానే కారు నంబరు తళతళలాడిపోతుంది. ఫొటో అంటే చుక్కల సమూహం. కెమెరా పట్టని చుక్కల్ని ఏ కంప్యూటరూ పుట్టించలేదు. ఊహించి నింపగలదంతే. ఆ ఊహ మీద ఆధారపడి ఒకరి ముఖాన్నో, బండి నంబరునో ఖాయం చేస్తే ఇంకేమన్నా ఉందా! నిజంలో బోలెడు చిత్రాలు 'గుర్తించలేం' అనే మాటతోనే ల్యాబు నుంచి తిరిగొస్తాయి.

తీర్పు చెప్పే ప్రేక్షకులు

అమెరికాలో క్రిమినల్ కేసుల తీర్పులో మామూలు పౌరుల జ్యూరీకి పెద్ద పాత్ర. రాత్రి సీరియల్ చూసినవాళ్లే పొద్దున కోర్టులో కూర్చుంటారన్నమాట. మిషిగన్ రాష్ట్రంలో డొనాల్డ్ షెల్టన్ అనే జడ్జి 2006లో సుమారు వెయ్యిమంది జ్యూరీ సభ్యుల్ని ప్రశ్నించి చూశారు. ప్రతి నేరం కేసులోనూ ఏదో ఒక శాస్త్రీయ సాక్ష్యం ఉండాలని 46 శాతం మంది ఆశించారు. ప్రతి కేసులోనూ డీఎన్ఏ ఉండాలన్నవాళ్లు 22 శాతం. అయితే ఈ సీరియళ్లు చూసినందువల్లే తీర్పులు మారిపోతున్నాయని ఆయన పరిశీలనలో తేలలేదు. మొత్తంగా టెక్నాలజీ మీద జనానికి పెరిగిన నమ్మకమే కారణమన్నది ఆయన అభిప్రాయం.

ఆ నమ్మకం శ్రుతిమించితే ముప్పే. 2009లో అమెరికా జాతీయ పరిశోధన మండలి ఫోరెన్సిక్ పద్ధతులన్నిటినీ సమీక్షించింది. ఒక ఆధారాన్ని ఫలానా వ్యక్తితో కచ్చితంగా ముడిపెట్టగలదని గట్టిగా రుజువైంది డీఎన్ఏ ఒక్కటేనని తేల్చింది. సీరియళ్లలో తరచూ దొరికే వెంట్రుక సంగతే చూడండి. మైక్రోస్కోపు కింద వెంట్రుకలను పోల్చి ఎఫ్‌బీఐ నిపుణులు ఏళ్లతరబడి కోర్టుల్లో సాక్ష్యం చెప్పారు. ఆ పాత సాక్ష్యాలను తిరగేస్తే, చూసినంతవరకూ 90 శాతానికి పైగా కేసుల్లో తప్పుడు మాటలున్నట్లు 2015లో ఆ సంస్థే ఒప్పుకుంది. వాటిలో మరణశిక్ష పడిన కేసులూ ఉన్నాయి.

మొదట బయటపడింది నిర్దోషి!

డీఎన్ఏ పరీక్ష పుట్టిన కథలోనే అసలు పాఠం ఉంది. 1984లో బ్రిటన్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ ఈ పద్ధతి కనిపెట్టారు. ఆ చుట్టుపక్కల పల్లెల్లోనే 1983లో ఒకరు, 1986లో మరొకరు... ఇద్దరు పదిహేనేళ్ల అమ్మాయిలు హత్యకు గురయ్యారు. పోలీసులు ఓ పదిహేడేళ్ల కుర్రాణ్ని పట్టుకున్నారు. రెండో హత్య తానే చేశానని అతను ఒప్పుకున్నాడు కూడా. మొదటిదీ అతనే చేశాడని రుజువు చేయడానికి పోలీసులు జెఫ్రీస్ సాయం కోరారు. ఫలితం చూసి అందరూ నివ్వెరపోయారు. రెండు హత్యలూ చేసింది ఒక్కడే, కానీ అది ఈ కుర్రాడు కాదు!

ఆ తర్వాత చుట్టుపక్కల మగవాళ్ల నుంచి వేల సంఖ్యలో నమూనాలు తీసుకున్నారు. అయినా హంతకుడు దొరకలేదు. కారణం, కాలిన్ పిచ్‌ఫోర్క్ అనేవాడు తన బదులు తోటి ఉద్యోగిని పంపించాడు. ఆ ఉద్యోగి ఓ బార్లో కబుర్ల మధ్య నోరుజారితే, విన్నవాళ్లలో ఒకరు పోలీసులకు చెప్పారు. 1988 జనవరిలో పిచ్‌ఫోర్క్‌కు జీవితఖైదు పడింది. అంటే ఆ పరీక్ష మొదట చేసిన పని నిర్దోషిని విడిపించడం. దోషిని పట్టివ్వడానికి బార్లో విన్న ఓ మాట కూడా కావాల్సి వచ్చింది. ఆ తర్వాత అమెరికాలోనూ డీఎన్ఏ పరీక్షల పుణ్యమా అని 370 మందికి పైగా నిర్దోషులుగా బయటికొచ్చారు. వాళ్లలో కొందరు ఉరికంబం ఎక్కాల్సినవాళ్లు.

మన దేశంలోనూ ఈ సైన్సు పాత్ర పెరుగుతోంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం ప్రకారం ఏడేళ్లు అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లి తీరాలి. ఏర్పాట్లు చేసుకోవడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల గడువిచ్చారు. క్లూస్ టీమ్ వచ్చేదాకా గదిలోకి జనం దూరకుండా ఉంటే, వాళ్ల పని సగం తేలికైనట్లే. దయా తలుపు పగలగొట్టి లోపలికి ఉరికినట్లు నిజంలో చేస్తే, గడియ మీది వేలిముద్రలు గల్లంతే!

ఈసారి సాలుంకే కంప్యూటర్ వంక చూసి పేరు చెప్పగానే, పక్కనున్న పిల్లలు 'అంత తొందరగా ఎలా తెలిసింది?' అని అడిగితే 'సీరియల్ కదా' అని కొట్టిపారేయకండి. నిజం ల్యాబులో రిపోర్టు మీద సంతకం పెట్టేముందు ప్రతి నిపుణుడూ తనను తాను అడగాల్సిన ప్రశ్న కూడా అదే.