ఒకే మొక్కకు నాలుగు పేర్లు

బుచ్చయ్యపేట చుట్టూ ఉన్న కొండల్లో ఎంత తవ్వినా మొక్కల శిలాజం దొరకదు. తూర్పు కనుమల ఖొండలైటు రాయి దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో విపరీతమైన వేడికి రూపు మార్చుకుంది. అప్పటికి నేల మీద మొక్కలే లేవు. మొక్కల శిలాజాలు కావాలంటే దక్షిణానికి, నూజివీడు దగ్గరి గొల్లపల్లికి వెళ్లాలి. అక్కడి రాళ్లలోని ఆకులను ఒటొకార్ ఫైస్ట్‌మాంటెల్ 1877లోనే వర్ణించాడు.

ఆ ఆకుల్లో ముఖ్యమైనది టిలోఫిల్లమ్. అది ఆకు పేరు మాత్రమే. ఈ జాతి మొక్కల కాండానికి బక్లాండియా అని, విత్తనాలు కట్టే ఆడభాగానికి విలియమ్‌సోనియా అని, పుప్పొడి కాసే మగభాగానికి వెల్ట్రిషియా అని వేర్వేరు పేర్లున్నాయి. చెట్టు ఎండి భాగాలు విడిపోయి, ఒక్కొక్కటీ ఒక్కోచోట రాయిలో చిక్కుకుంటాయి. దొరికిన ముక్కకల్లా పేరు పెట్టక తప్పదు. ఏ ముక్క ఏ చెట్టుదో తేల్చడమే అసలు పని. బీర్బల్ సహానీ 1932లో రాజ్‌మహల్ కొండల శిలాజాలతో కాండం, ఆకు, విలియమ్‌సోనియా ఒకే మొక్కవని చూపాడు.

ఈ పనిలో పుప్పొడి చెప్పే సాక్ష్యానికి ఎదురులేదు. ఆకులు ఆకులను పోలవచ్చు, సంబంధం లేని చెట్లలోనూ ఒకేలా ఉండవచ్చు. మగభాగంలోని సంచిలో ఉన్న రేణువే విత్తనం నోటిలోనూ కనిపిస్తే ఆ రెండూ ఒకే మొక్కవని నమ్మవచ్చు. ఇంగ్లాండులోని యార్క్‌షైర్‌లో దొరికిన కేటోనియా అనే శిలాజ మొక్కకున్న పండ్ల వంటి తొడుగులను చూసి హ్యామ్షా థామస్ 1925లో దాన్ని పూలమొక్కల వర్గంలో చేర్చాడు. తర్వాత టామ్ హారిస్ విత్తనాల నోటిలోనే పుప్పొడిని చూశాడు. పూలమొక్కల్లో పుప్పొడి కీలాగ్రం మీద ఆగుతుంది, విత్తనం దాకా చేరదు. ఆ చిన్న రేణువులతో కేటోనియా వివృతబీజాల వైపుకు వెళ్లింది. ఇంత పెద్ద తీర్పు ఇంత సూక్ష్మమైన సాక్ష్యం మీద నిలవడం నాకు ఎప్పటికీ అబ్బురమే.

సింగరేణి బొగ్గుకు ముడిసరుకైన వాటిలో గ్లాసాప్టెరిస్ చెట్లు ముఖ్యమైనవి. 1828లో బ్రాన్యార్ ఆకును చూసి దాన్ని ఫెర్న్ అనుకున్నాడు. 1960లో దివ్యదర్శన్ పంత్, నౌటియాల్ రాణిగంజ్ బొగ్గుక్షేత్రంలో దొరికిన గ్లాసాప్టెరిస్ పుప్పొడి సంచులకు ఆర్బెరియెల్లా అని పేరు పెట్టారు. వాటిలోని రేణువులకు రెండు గాలి తిత్తులు, ఒంటి మీద చారలు. ఆ తిత్తులు అవి గాలిలో తేలడానికి సాయపడేవి. పుప్పొడి గోడ ఎంత గట్టిదంటే, రాతిని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కరిగించినా అది మిగులుతుంది. గోదావరి లోయలోని బొగ్గుపొరల వయసు అంచనాకు ఈ రేణువులూ ఒక ఆధారం.

అన్ని పుప్పొళ్లూ గాలిపటాలు కావు. బొగ్గుయుగపు మెడులోసా చెట్ల రేణువు కొన్నింటిలో అర మిల్లీమీటరు దాకా ఉంటుంది, కంటికే కనిపిస్తుంది. దాన్ని పురుగులే మోసి ఉంటాయని కొందరు శాస్త్రవేత్తలు అంటారు.

విత్తనం చేరాక పుప్పొడి చేసే పనికీ సాక్ష్యం దొరికింది: 2003లో నిషిదా బృందం ఆస్ట్రేలియా గ్లాసాప్టెరిస్ విత్తనాల్లో పుప్పొడి నాళం నుంచి బయటపడుతున్న ఈతకొట్టే శుక్రకణాలను చూసింది. నేటి విత్తనమొక్కల్లో ఈ తీరు సైకస్‌ల వర్గానికీ, గింకోకూ మాత్రమే మిగిలింది. ఒకరకం సైకస్ శేషాచలం కొండల్లో ఉంది: సైకస్ బెడ్డోమీ. అంతరించే ప్రమాదం ఉన్నందున దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు.

పుప్పొడి దొరికినా చుట్టరికం తేలని మొక్కలూ ఉన్నాయి. సహానీ 1948లో రాజ్‌మహల్ కొండల నిపానియా దగ్గరి పెంటాక్సిలాన్ మొక్కలకు పెంటాక్సిలీ అనే కొత్త వర్గాన్ని ప్రకటించాడు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో కన్నుమూశాడు. ఆ మొక్క పుప్పొడి అవయవానికి 1953లో విష్ణుమిత్ర ‘సహానియా’ అని పేరు పెట్టాడు. పెంటాక్సిలాన్ ఏ వర్గానికి దగ్గరి చుట్టమో శాస్త్రవేత్తలు ఇంకా తేల్చుకోలేదు.