చిలుక తీసిన అట్ట

తిరునాళ్లలో మఱ్ఱిచెట్టు నీడను గోనెపట్టా పఱచుకొని, ముందొక పంజరమును, దాని ప్రక్క దేవతల బొమ్మలు గల అట్టల వరుసను పెట్టుకొని కూర్చున్న జోస్యునికి దక్షిణ సమర్పించినచో, ఆయన తలుపెత్తగానే రామచిలుక వయ్యారముగా వెలుపలికి వచ్చి, నాలుగట్టలను ముక్కుతో త్రోసివైచి, అయిదవదానిని లాగి యిచ్చి, వడ్లగింజ పుచ్చుకొని లోపలికి పోవును. నా మనసు వెన్నయనియు, పదిమందికి మేలు చేసినను నా చేతికి యశస్సు లేదనియు, పైకి ధైర్యము కనబఱచినను లోలోపల దిగులు నన్ను తినుచున్నదనియు ఒకమాఱు జోస్యుడు చదువగా, ఈ పక్షి నా బ్రదుకు నెన్నడు చూచినదో యని నివ్వెఱపోయితిని. నా తరువాత కూర్చున్న బట్టలవర్తకునికిని అదే అట్ట వచ్చినది, ఆయనయు కన్నీరు తుడుచుకొని, "అక్షరాల నిజమండీ!" అనెను.

ఈ వినోదమును చిలుక లేకుండగనే జరిపినవాడు బెర్ట్రమ్ ఫోరర్ అను అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు. 1948లో ఆయన తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు ఒక ప్రశ్నపత్రమిచ్చి, జవాబులను పరిశీలించినట్లు నటించి, వారము గడచిన పిమ్మట ఎవరి పేరు గల కాగితమును వారికిచ్చి, అందలి గుణవర్ణనము తమకెంత సరిపోయినదో సున్న మొదలు అయిదు వఱకు మార్కులు వేయుడని కోరెను. సగటున 4.26 వచ్చినవి, శిష్యులు గురువునకు ఇంత ఉదారముగా మార్కులు వేయుట నేను వేఱొకచోట వినలేదు. తీరా చూడగా అందఱి కాగితములలోను అవే 13 వాక్యములు! అందధికభాగము బజారులో అమ్ము జ్యోతిషపుస్తకమునుండి ఏరినవి. సంగతి బయటపడగానే తరగతి ఘొల్లుమన్నదట.

ఇందు జోస్యుని నేర్పు కొంచెమే. మిగిలిన పని మనమే చేసిపెట్టుదుము. ఒకప్పుడు నలుగురితో కలుపుగోలుగా నుందువనియు, ఒకప్పుడు ఏకాంతము కోరుదువనియు చెప్పినచో కాదనగల మనుష్యుడెవడు? వినువాడు తన అనుభవముల మూట విప్పి, ఆ మాటకు తగిన సంఘటనమును వెదకి పట్టుకొని, తగనివానిని చూడనట్లే మూటలో కట్టివేయును. నీకొఱకే వ్రాసినదని చెప్పినచో నమ్మకము హెచ్చునని, పొగడ్త కలిసినకొలది ఒప్పుకోలు సులువగునని తరువాతి పరిశోధకులు కనుగొనిరి. సోది చెప్పు ఎఱుకలసాని వారికొఱకు వేచియుండక ఏనాడో తెలిసికొన్న సంగతియే ఇది.

నాకు నవ్వు వచ్చునది మఱియొకచోట. తన దిగులు లోకమున నింకెవరికిని లేదని గుట్టుగా దాచుకొన్న మనుష్యుడు, ఆ గుట్టు ఊరందఱి ఉమ్మడిసొత్తని తెలిసినప్పుడు, హమ్మయ్య యని ఊఱట చెందుటకు మాఱు చిన్నబోవును. ఆ బట్టలవర్తకుడు తిరుగుత్రోవలో నాతో మాటాడలేదు. నిజము చెప్పవలెనన్న, నేనును ఆయనతో మాటాడలేదు.

ఇన్ని తెలిసియు మొన్న సంతలో మరల చిలుక ముందు కూర్చుంటిని. అట్ట వేఱొకటి వచ్చినది గాని, నా గుణములన్నియు అందులోను సరిగానే యున్నవి.