దూర వైద్యం, నర్సుల కొరత: మన విరాళం ఎటు వెళ్లాలి?

ఖందక్ యుద్ధ సమయంలో మదీనాలోని మస్జిదె నబవీ వద్ద గుడారం వేసి, గాయపడినవారికి రుఫైదా అల్ అస్లమియా (రజి) సేవ చేశారని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. ఇస్లామీ చరిత్రలో తొలి నర్సుగా ఆమెను గౌరవించుకుంటాం. ఆ సేవకు నేడు మనుషులు చాలడం లేదు. 2018 నాటికి ప్రపంచంలో 59 లక్షల మంది నర్సుల కొరత ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో లెక్క చెప్పింది. మన దేశంలో శిక్షణ పొందినవారిలో ఎందరో గల్ఫ్, బ్రిటన్ ఆస్పత్రులకు వెళ్లిపోతున్నారు.

ఈ కొరతకు దూర వైద్యమే మందు అని తరచూ వింటున్నాం. అందులో నిజమెంతో దాతలు తెలుసుకోవడం మంచిది.

బీపీ, షుగర్ చూడటం, రిజిస్టరులో రాయడం, ఇంటింటికీ తిరగడం, డాక్టరు కోసం వేచి ఉండటం: నర్సు సమయంలో చాలా భాగం వీటికే పోతుంది. ఫోనుకు కలిసే బీపీ మిషన్ రీడింగును తానే పంపుతుంది. ఉదాహరణకు, ఒక నర్సు బాధ్యతలో అరవై మంది బీపీ రోగులు ఉన్నారనుకుందాం. అందరి ఇళ్లకూ వెళ్లాలంటే వారం పడుతుంది. రీడింగులు ఫోనులోనే కనిపిస్తే, 180/120 దాటినవారిని, రీడింగు పంపడం మానేసినవారిని గుర్తించి ముందుగా వారి గడప తొక్కవచ్చు.

డాక్టరు దూరంగా ఉన్నా ఇదే మేలు. 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ-సంజీవని ఈ పద్ధతిలోనే నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్ విలేజ్ హెల్త్ క్లినిక్కులలో బీఎస్సీ నర్సింగ్ చదివినవారు రోగిని పక్కన కూర్చోబెట్టుకుని, వీడియోలో డాక్టరుతో మాట్లాడిస్తారు. పక్కన నర్సమ్మ ఉంటే మన ఆడవారు కూడా తమ బాధ సంకోచం లేకుండా చెప్పుకోగలుగుతారు.

అయితే యంత్రం పుండుకు కట్టు కట్టదు, మంచాన పడ్డవారిని పక్కకు తిప్పదు. వేలికి పెట్టే ఆక్సీమీటరు గోళ్ల రంగు ఉన్నా, వేళ్లు చల్లబడినా తప్పు చూపవచ్చు. అది తప్పని పసిగట్టేది అనుభవం ఉన్న నర్సే. రీడింగులు వస్తున్నా చూసేవారు లేకపోతే రోగికి అది ఉత్త భరోసాయే. పరికరం నర్సు సమయాన్ని మిగులుస్తుంది, నర్సును తయారు చేయదు.

కాబట్టి దాతలకు మా మనవి: యంత్రం కొనిచ్చి, పేరు చెక్కిన ఫలకం పెట్టడంతో ఆగకండి. బ్యాటరీలు, ఇంటర్నెట్, మరమ్మతు, అన్నిటికీ మించి నర్సు జీతం ఏటా కావాలి. మన అమ్మాయిల నర్సింగ్ చదువుకు ఫీజు కట్టడం సదఖయె జారియాలో చక్కని మార్గం.

ఒక జాగ్రత్త. హనఫీ మస్లక్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాని సొంతం కావాలి. పేద రోగికి బీపీ మిషన్ శాశ్వతంగా ఇచ్చేయడానికి, పేద విద్యార్థిని చేతికి ఫీజు సొమ్ము ఇవ్వడానికి జకాత్ వాడవచ్చు. క్లినిక్ సామగ్రికీ, సిబ్బంది జీతాలకూ సదఖా, ఇమ్దాద్ నిధులు ఇవ్వండి. సందేహముంటే మీ ఉలమాను అడిగి, ఏ సొమ్ము దేనికో రసీదుపై రాయించండి.

అల్లాహ్ మన దానాలను స్వీకరించి, రోగులకు స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.