లావు టైరు, తక్కువ గాలి

తుక్కుగూడ చుట్టుపక్కల సైకిల్ తొక్కేవాళ్లకు రెండు రకాల నేల దొరుకుతుంది. ఒకటి ఔటర్ రింగు రోడ్డును అంటిపెట్టుకుని శంషాబాద్ విమానాశ్రయం వైపు సాగే సర్వీసు రోడ్డు, నున్నటి తారు. ఆ తారు దిగితే రెండోది మొదలవుతుంది: గ్రానైటు రాయి లక్షల ఏళ్లపాటు ఎండకూ వానకూ పగిలి పొడైన మొరం, ఎర్ర చెలక, వేసవిలో బండిబాటల నిండా పేరుకునే దుబ్బ. నాలుగంగుళాల లావు టైర్ల సైకిల్ కొనాలా వద్దా అని అడిగేవాళ్లను నేను ముందు అడిగేది ఈ రెంటిలో దేనిమీద తొక్కుతారని. ఆ తర్వాత అడిగేది టైరులో ఎంత గాలి కొట్టిస్తారని. ఈ రెండో ప్రశ్న కొనేవాళ్లకూ తట్టదు, అమ్మేవాళ్లూ ఎత్తరు. ఈ యంత్రం పుట్టిందే ఆ ప్రశ్నలోంచి.

అది పుట్టింది అలాస్కా మంచులో. అక్కడ సైకిల్ కొత్తేమీ కాదు. నోమ్ ఊళ్లో బంగారం దొరికిందని తెలిసి 1900లో మాక్స్ హిర్ష్‌బర్గ్ అనే యువకుడు డాసన్ నుంచి వెయ్యి మైళ్లకు పైగా సైకిల్ మీద వెళ్లాడు. దారిలో చెయిను తెగితే కోటునే తెరచాపగా కట్టి గాలివాటున ముందుకు సాగాడు. ఆ కాలపు సన్న టైర్లు మంచు మీద నడిచాయంటే కారణం, గడ్డకట్టిన నది, కుక్కలబండ్లు తిరిగి తిరిగి గట్టిపడిన బాట. మంచు మెత్తబడిందా, చక్రం దిగిపోయేది, మనిషి దిగి నెట్టుకోవాల్సిందే.

1987లో అలాస్కాలో ఇడిటాబైక్ అనే రెండు వందల మైళ్ల మంచు పందెం మొదలైంది. పందెం అనేసరికి నెట్టుకుంటూ పోవడం ఎవరికీ నచ్చలేదు. కొందరు రెండు రిమ్ములను పక్కపక్కన పెట్టి వెల్డింగ్ చేశారు, మధ్యలో లోహాన్ని కోసేశారు. రెండు టైర్లను కోసి ఒకటిగా కుట్టినవాళ్లూ ఉన్నారు. ఫెయిర్‌బ్యాంక్స్‌లో సైమన్ రాకోవర్ అనే మెకానిక్ వెల్డింగ్ అవసరం లేకుండా 44 మిల్లీమీటర్ల వెడల్పుతో ‘స్నోక్యాట్’ రిమ్ము తెచ్చాడు. మామూలు టైరునే దానిమీద ఎక్కిస్తే అడుగు భాగం వెడల్పుగా పరుచుకునేది.

ఇదే తంటా ఎడారిలోనూ ఉంది. మెక్సికో ఇసుకలో యాత్రలు నడిపే రే మొలీనా 82 మిల్లీమీటర్ల రిమ్ము, మూడున్నర అంగుళాల టైరు తయారు చేయించాడు. అలాస్కాలో మార్క్ గ్రోన్‌వాల్డ్ వాటికి సరిపోయే ఫ్రేములు కట్టాడు. మంచుకూ ఇసుకకూ ఒకే మందు పనిచేసింది. 2005లో అమెరికా కంపెనీ సర్లీ ‘పగ్స్‌లీ’ అనే ఫ్రేమునూ, దానికి 65 మిల్లీమీటర్ల రిమ్మునూ, 3.7 అంగుళాల టైరునూ మార్కెట్లోకి తెచ్చాక లావు టైర్ల సైకిల్ మామూలు షాపుల్లోకి వచ్చింది. పగ్స్‌లీకి ముందు, వెనక హబ్బుల వెడల్పు ఒకటే. చలికి వెనక ఫ్రీవీలు బిగుసుకుపోతే ముందు చక్రాన్ని తీసి వెనక వేసుకోవచ్చు. ఊరు కనిపించని చోట చిక్కుకున్న మనిషిని తలచుకుని చేసిన ఏర్పాటు అది, నాకు ఎంతో ఇష్టమైనది.

ఇక అసలు రహస్యం. టైరు నేలను ఎంత మేర తాకుతుందన్నది ముఖ్యంగా దాని వెడల్పును బట్టి ఉండదు, లోపలి గాలి ఒత్తిడిని బట్టి ఉంటుంది. మనిషీ సైకిలూ కలిసి 90 కిలోలు అనుకుందాం. టైర్లలో 50 పీఎస్ఐ గాలి ఉంటే ఆ బరువును మోయడానికి రెండు చక్రాలూ కలిపి దాదాపు 26 చదరపు సెంటీమీటర్ల నేలను తాకితే చాలు. గాలిని 10 పీఎస్ఐకి దించితే 128 చదరపు సెంటీమీటర్లు కావాలి. బరువు ఐదింతల నేల మీద పరుచుకుంటుంది కాబట్టి చక్రం దుబ్బలో దిగదు. మరి లావెందుకు? సన్న టైరులో అంత తక్కువ గాలి ఉంచితే రాయి తగిలినప్పుడు రిమ్ము ఆ రాయికి కొట్టుకుని ట్యూబు రెండు చోట్ల చిరుగుతుంది. తక్కువ గాలితో తిరగనివ్వడమే ఆ లావు చేసే పని.

మన పంక్చర్ షాపులో కంప్రెసర్ పైపు పట్టినవాడు చేతి అలవాటుగా మోటారు సైకిలుకు కొట్టినట్టు ముప్పై దాకా కొట్టేస్తాడు. అప్పుడు ఆ టైరు గట్టి బంతిలా ప్రతి రాయికీ ఎగురుతుంది, దుబ్బలో దిగుతుంది. బరువు మాత్రం ఎక్కడికీ పోదు. ఒక్కో టైరే కిలో పైన ఉంటుంది, చవక ఇనప సైకిళ్లు మొత్తం ఇరవై కిలోల దాకా తూగుతాయి. లాభం పోయి భారం మిగిలిన ఈ సైకిలే మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించేది. అందుకు నాకు నిజంగా బాధ.

తక్కువ గాలితో తారెక్కినా చిక్కే. మందపాటి రబ్బరు ప్రతి చుట్టులోనూ నలిగి వేడెక్కుతుంది, ఆ వేడికి ఖర్చయ్యేది మన కాళ్ల శక్తి. రాళ్ల బాటలో లెక్క తిరగబడుతుంది. గట్టి టైరు ప్రతి రాయి దగ్గరా మనిషిని మొత్తంగా పైకెత్తాలి, మెత్తటి టైరు రాయిని తనలోకి నొక్కుకుని దాటేస్తుంది. మన ఊళ్లలో ఎడ్లబండి ఇనప పట్టా చక్రాలు వదిలి రబ్బరు టైర్లకు మారినప్పుడు ఎడ్లకు దొరికిన సుఖం ఇలాంటిదే.

అందుకని తుక్కుగూడలో ఉండి, విమానాశ్రయం దాకా సర్వీసు రోడ్డు మీద వెళ్లొద్దామనుకునేవాళ్లకు ఇది వద్దు. ఎండిన మొరం బాటలు గట్టిగానే ఉంటాయి, వాటికి రెండుంపావు అంగుళాల టైరు చాలు. వానాకాలం నల్లరేగడిలో ఏ టైరూ ఆదుకోదు, బంక మట్టి ఫ్రేముకూ టైరుకూ మధ్య ఇరుక్కుని చక్రాన్నే ఆపేస్తుంది. దుబ్బ బాటల్లో, వాగు ఇసుకలో తిరగాలన్న కోరిక ఉన్నవాళ్లకూ, సూర్యలంక లాంటి తీరానికి సైకిల్ తీసుకుపోయేవాళ్లకూ మాత్రం ఇంతటి ఆనందం మరో సైకిల్ ఇవ్వదు. సముద్రం దగ్గర తొక్కితే ఆ రోజే మంచినీళ్లతో కడిగి చెయినుకు నూనె పెట్టాలి, లేకపోతే ఉప్పు తినేస్తుంది.

లావు టైరుకు పంక్చర్ కాదన్న మాట నమ్మకండి. వెడల్పు పెరిగినకొద్దీ ముళ్లూ ఎక్కువే తగులుతాయి. తుమ్మ ముల్లు, పల్లేరుకాయ దేన్నీ వదలవు. పల్లేరు అమెరికా పడమటి రాష్ట్రాలకూ పాకి అక్కడి సైకిళ్లనూ ఏడిపిస్తోంది. ట్యూబులో సీలెంటు పోయించుకోవడమే దీనికి విరుగుడు.

కొనేముందు గేర్లున్నాయో లేదో చూడండి, ఒకే గేరుతో దుబ్బలో అంత బరువును లాగడం కష్టం. పెడళ్లు మామూలు కంటే ఎడంగా ఉంటాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కాసేపు తొక్కి చూడాలి. తక్కువ ఒత్తిడిని కూడా సరిగ్గా చూపించే చిన్న గేజి ఒకటి కొనుక్కోండి. గాలిని పన్నెండుకు దించి మట్టిలో ఒక చుట్టు కొట్టండి. మలుపులో హ్యాండిల్ తనంతట తాను ఒక పక్కకు లాగుతుంటే గాలి మరీ తగ్గినట్టు, రెండు పీఎస్ఐ కలిపి మళ్లీ తొక్కండి. అప్పటికీ లాగుతుంటే మరో రకం టైరు అడగండి.