మన బిడ్డ సంతకం ఎవరి చేతికి?



కొన్నేళ్ల క్రిందట ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని ఒక తండ్రి తన పదిహేడేళ్ల కొడుకును వెంటబెట్టుకొని మా దగ్గరకు వచ్చాడు. కాళ్లకు బూట్లు లేని రోజుల నుంచీ లాలాగూడలో బంతి ఆడిన పిల్లవాడు. అతని ఆట చూసిన ఒకాయన తాను ఏజెంటునని, వేరే రాష్ట్రంలోని ఒక పెద్ద క్లబ్బులో ట్రయల్స్ ఇప్పిస్తానని చెప్పాడట. ఖర్చుల కోసం చిట్టీ పాడి ఆ డబ్బంతా కట్టేశారు. "ఎల్లుండే ప్రయాణం అయ్యగారూ, ప్రార్థన చేయండి" అన్నారు. మేము సంతోషంగా ఆ బిడ్డ తల మీద చేయి ఉంచి ప్రార్థన చేసి పంపాము.

పదకొండు రోజులకు అబ్బాయి తిరిగి వచ్చాడు. లాడ్జీలో ఉంచిన మనిషి మూడో రోజు నుంచి ఫోను ఎత్తలేదట. క్లబ్బు గేటు దగ్గరకు వెళ్లి అడిగితే, అక్కడ ట్రయల్స్ ఏవీ లేవని కాపలాదారు చెప్పి పంపాడట. ఆ అబ్బాయి ఏడాది పాటు బంతి ముట్టలేదు. తండ్రి మాత్రం చిట్టీ వాయిదాలు కడుతూనే ఉన్నాడు.

ఆ రోజు మేము ప్రార్థన చేశాము గాని, "కాగితం ఏదీ?" అని అడగలేదు. ఆ లోపం మాది. మన సంఘాల్లో మరే కుటుంబమూ ఆ దారిన వెళ్లకూడదనే తెలుసుకున్న సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము.

ఏజెంటు లేని కాలం

మన జంటనగరాలకు ఫుట్‌బాల్ కొత్త కాదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలోనే భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాదు క్లబ్బుల్లో ఆట మొదలుపెట్టి సైన్యంలో చేరిన పీటర్ తంగరాజ్ గారు, మన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం గారు ఆ జట్టులోని వారే. పేద ఇంటి బిడ్డ బలరాం గారు రోజూ సాధనకు రావడానికి రహీం గారే సైకిలు అద్దెకు డబ్బు ఇచ్చేవారట. బలరాం గారు 2023లో కన్నుమూశారు.

అప్పట్లో ఏజెంటు అవసరం పెద్దగా ఉండేది కాదు. పోలీసు శాఖో, రైల్వేనో, సైన్యమో ఉద్యోగం ఇచ్చేది. ఆ ఉద్యోగమే ఆటగాడి కాంట్రాక్టు. 1996లో జాతీయ లీగు, 2007లో ఐ-లీగు, 2014లో ఇండియన్ సూపర్ లీగు వచ్చాయి. జీతం, సంవత్సరాలు, బదిలీ రుసుము అన్నీ కాగితం మీదికి ఎక్కాయి. ఆ కాగితం చదవగల మనిషి అవసరమయ్యాడు. కనుక ఏజెంటు అనగానే మోసగాడు అనుకోనక్కరలేదు. మంచి ఏజెంటు మంచి న్యాయవాదిలాంటివాడు. మన బిడ్డ పక్షాన మాట్లాడతాడు, మాట్లాడినందుకు కూలి తీసుకుంటాడు. అతడు మన బిడ్డకు యజమాని కాడు, తండ్రి అంతకంటే కాడు.

భోజనానికి ముందు పని చెప్పినవాడు

ఆదికాండము 24వ అధ్యాయంలో ఇస్సాకు కోసం పిల్లను వెదకడానికి వెళ్లిన అబ్రాహాము దాసుడు మనకందరికీ తెలుసు. ఎదుట భోజనం పెట్టినా, వచ్చిన పని చెప్పే వరకు తినలేదు. తాను ఎవరి మనిషో, ఎందుకు వచ్చాడో ఇంటిల్లిపాది ఎదుట చెప్పాడు. ఆ ఇంటివారు కూడా చివరకు రిబ్కానే పిలిచి ఆమె ఇష్టం అడిగారు. అదే ఇంట్లో లాబాను ఉన్నాడు. అతని చూపు ముందుగా పడింది బంగారు కడియాల మీద. తరువాతి కాలంలో మేనల్లుడు యాకోబు జీతాన్ని పదిమార్లు మార్చినవాడు అతడే.

మన గుమ్మంలోకి వచ్చిన మనిషి ఈ ఇద్దరిలో ఎవరిలాంటివాడో తెలుసుకోవడానికి కొన్ని ప్రశ్నలు చాలు.

మొదటిది: "మీ లైసెన్సు ఏది?" 2023 అక్టోబరు 1 నుంచి ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా ఇచ్చే లైసెన్సు లేనిదే ఎవరూ ఏజెంటుగా పని చేయరాదు. దానికి 20 ప్రశ్నల పరీక్ష ఉంది, 75 శాతం మార్కులు రావాలి. లైసెన్సు మనిషికే ఇస్తారు గాని కంపెనీకి ఇవ్వరు. కాబట్టి అందమైన విజిటింగ్ కార్డు చాలదు, ఆ మనిషి పేరు ఫిఫా వెబ్‌సైటులోని జాబితాలో ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. మేనమామ అయినా, పాత కోచ్ అయినా ఏజెంటు పని చేయాలంటే లైసెన్సు ఉండాల్సిందే.

రెండవది: "మా అబ్బాయి వయసు మీకు తెలుసా?" మైనరు పిల్లల విషయంలో నియమాలు గట్టివి. మొదటి ప్రొఫెషనల్ కాంట్రాక్టుకు అర్హత వచ్చే వయసుకు ఆరు నెలల ముందు వరకు ఏజెంటు ఆ పిల్లవాణ్ణి గాని తల్లిదండ్రులను గాని కదపకూడదు. ఆ తరువాతైనా ముందుగా తల్లిదండ్రుల లిఖితపూర్వక అనుమతి తీసుకోవాలి. పన్నెండేళ్ల పిల్లవాడికి కాగితం పట్టుకొచ్చినవాడు అక్కడే నియమం తప్పాడు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం 18 నిండని వారికి ఒప్పందం చేసుకునే అర్హతే లేదు. ఇక విదేశీ క్లబ్బు మాట: 18 నిండకుండా దేశం దాటి క్లబ్బు మారడాన్ని ఫిఫా నిషేధించింది. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి కాపురం మారడం వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. పదిహేనేళ్ల బిడ్డను యూరప్ క్లబ్బులో చేర్పిస్తానని ఎవరైనా అంటే అనుమానించండి.

మూడవది: "మీ కూలి ఎంత, ఎప్పుడు?" ఏడాదికి 2 లక్షల డాలర్ల లోపు సంపాదించే ఆటగాడి దగ్గర 5 శాతానికి మించి తీసుకోరాదని ఫిఫా ఒక హద్దు పెట్టింది. యూరప్ కోర్టుల్లో వివాదం వచ్చి 2023 డిసెంబరులో ఆ హద్దును నిలిపివేసింది. అయినా బేరానికి అది మంచి కొలతే. ఏజెంటు కూలి చేతికి వచ్చిన జీతంలో నుంచే పోవాలి. జీతం రాకముందే "రిజిస్ట్రేషన్" అని, "ట్రయల్స్ ఫీజు" అని, "సీటు ఖాయం" అని డబ్బు అడిగేవాడికి మన అబ్బాయి ఆటతో పని లేదు, మన ఇంటి బంగారంతోనే పని.

నాలుగవది: "ఎన్నేళ్లకు సంతకం?" ఆటగాడితో ఏజెంటు చేసుకునే ఒప్పందం రెండేళ్లకు మించకూడదు. గడువు తీరాక దానంతట అదే పొడిగింపు కావడమూ కుదరదు. ఒప్పందంలో ఇద్దరి పేర్లు, గడువు, కూలి, చేయవలసిన పని, సంతకాలు ఉండాలి. సంతకానికి ముందు వేరే న్యాయవాది సలహా తీసుకోమని ఏజెంటే చెప్పాలన్నది కూడా నియమమే. "ఇప్పుడే సంతకం పెట్టండి, రేపటికి అవకాశం పోతుంది" అనేవాడు దానికి విరుద్ధంగా నడుస్తున్నాడు. ఖాళీ కాగితం మీద సంతకం, పాస్‌పోర్టు, మార్కుల మెమోలు ఎవరి చేతికీ ఇవ్వకండి.

ఐదవది: "మీరు ఇదివరకు చూసుకున్న ఆటగాళ్లు ఎవరు?" ఇద్దరు ముగ్గురి పేర్లు అడగండి, వారి తల్లిదండ్రులతో మాట్లాడండి. పేరు తెచ్చుకున్నవాడినే కాదు, కాలు విరిగి ఇంట్లో కూర్చున్నవాడినీ అడగండి. గాయమైన రోజున ఫోను ఎత్తాడా లేదా అన్నదే అసలు పరీక్ష.

కప్పు గెలిచిన క్లబ్బు కూడా

క్లబ్బు పెద్దదైతే చాలు, కాగితం ఎందుకు అనేవారున్నారు. మన హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు గెలిచింది. ఆ రాత్రి నగరంలో ఎంతో సంబరం. మరుసటి సంవత్సరానికే జీతాల బకాయిల వార్తలు వచ్చాయి, ఆటగాళ్లు వెళ్లిపోయారు, కొత్త ఆటగాళ్లను చేర్చుకోకుండా క్లబ్బు మీద నిషేధాలు పడ్డాయి. 2025లో ఆ జట్టు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. ఆటలో లోపం లేకపోయినా జీతం ఆగవచ్చు.

అప్పుడు ఏజెంటు ఏం చేయగలడు? ఫిఫా నియమాల ప్రకారం రెండు నెలల జీతం అన్యాయంగా ఆగితే, కనీసం 15 రోజుల గడువుతో లిఖితపూర్వక నోటీసు ఇచ్చి, అప్పటికీ క్లబ్బు చెల్లించకపోతే ఆటగాడు కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. ఆ నోటీసు సరిగా వ్రాయించి, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ముందు ఫిర్యాదు నడిపించేవాడే పనికొచ్చే ఏజెంటు. 2006లో ఏర్పడిన భారత ఫుట్‌బాల్ ఆటగాళ్ల సంఘం కూడా ఇలాంటి విషయాల్లో ఆటగాళ్ల పక్షాన నిలబడుతుంది.

ఇంకొక మాట. ఏజెంటు తప్పనిసరి కాదు. మొదటి కాంట్రాక్టు చిన్నదైతే, తల్లిదండ్రులు తెలిసిన న్యాయవాదికి కాగితం చూపించుకొని, క్లబ్బుతో నేరుగా మాట్లాడుకోవచ్చు.

మరొక ఆదివారం

ఈమధ్య మా సంఘంలోని ఒక విధవరాలైన తల్లి అలాంటి కాగితమే తెచ్చారు. కొడుకుకు పదిహేనేళ్లు. ఐదేళ్ల ఒప్పందం, అంతా ఇంగ్లీషులో. "గొలుసు తాకట్టు పెడదామనుకుంటున్నాను అయ్యగారూ, ప్రార్థన చేయండి" అన్నారు. ఈసారి మేము "ముందు కూర్చోండమ్మా, ఇది చదువుదాం" అన్నాము. మా సంఘంలోని న్యాయవాది సోదరుణ్ణి పిలిచాము. ఆ మనిషికి ఫోను చేసి మొదట లైసెన్సు సంగతి, తరువాత వయసు సంగతి అడిగాము. మూడో ప్రశ్న అడిగే అవసరం రాలేదు. ఫోను పెట్టేశాడు, మళ్లీ ఎత్తలేదు.

ఆ అబ్బాయి ముఖం చిన్నబోయింది. ఒక కల చేజారినట్టు ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి మాకూ కష్టమే అనిపించింది. అప్పుడు వెనుక బల్ల మీద నుంచి ఒక యువకుడు లేచి వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. పదకొండు రోజులకు తిరిగి వచ్చిన మా మొదటి అబ్బాయే. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు మళ్లీ ఆడుతున్నాడు. "నాకు ఈ ప్రశ్నలు ఎవరూ చెప్పలేదురా తమ్ముడూ. ఆట ఎక్కడికీ పోదు, రేపు సాయంత్రం గ్రౌండుకు రా" అన్నాడు. మేము చెప్పగలిగిన ఏ మాటకన్నా ఆ మాట బాగా పని చేసింది. తల్లి గొలుసు ఆమె మెడలోనే ఉంది. అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు, ఆడుతున్నాడు.

కాపరులకూ, పెద్దలకూ ఒక మనవి. బిడ్డ తల మీద చేయి ఉంచే ముందు, అతని చేతిలోని కాగితం అడిగి తీసుకోండి. తల్లిదండ్రులారా, ప్రార్థనకు వచ్చేటప్పుడు ఆ కాగితం కూడా వెంట తెండి. ముందు కలిసి చదువుదాం, తరువాత ప్రార్థన చేద్దాం.