మీకు తెలుసా? గీరిన నేలలో తేమ నిలుస్తుంది!

సోలాపూర్ మగ్గాల మీద చద్దరు దిగేటప్పుడు ఎక్కడైనా గీరుకుపోతే దాన్ని రెండో రకంలో పడేస్తారు. అదే హోట్గి రోడ్డు పట్టుకుని ఊరు దాటితే నల్లరేగడి చేలు వస్తాయి. అక్కడ నేలను గీరకపోతే జొన్న కంకి పట్టదు.

వానలు తగ్గగానే నల్లరేగడి ఎండి నెర్రెలు విచ్చుతుంది. లోపలి పదునంతా ఆ నెర్రెల్లోంచే ఆవిరైపోతుంది. ఇక్కడి రబీ జొన్నను సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో విత్తుతారు. ఆ తర్వాత పెద్ద వానలుండవు, పైరు నేలలో దాగిన తేమ మీదే బతకాలి. అందుకే సాళ్ల మధ్య గుంటుక తోలుతారు. ఇక్కడి మరాఠీ రైతులు దాన్నే కోళపే అంటారు. ఇనుప పలక పైమట్టిని లోతు పోకుండా గీరుకుంటూ వెళ్తుంది. కలుపు తెగుతుంది, రాలిన పొడిమట్టి నెర్రెల్లోకి దిగి వాటిని పూడ్చేస్తుంది. మిగిలిన మట్టి నేలకు చద్దరు కప్పినట్టు పైన పరుచుకుంటుంది. నీళ్లు పెట్టకుండానే పైరును నిలబెట్టే పని ఇది. ఎంత మెచ్చుకున్నా తక్కువే.

వాన తక్కువ నేలల్లో తేమను ఎలా నిలపాలో తేల్చడానికి 1933లో సోలాపూర్, బీజాపూర్‌లలో మెట్ట సేద్య పరిశోధన కేంద్రాలు వెలిశాయి. కొద్దికాలానికే బళ్లారి దగ్గరి హగరిలో, రాయచూరులో కూడా పెట్టారు. పాలమూరు, నల్లగొండ మెట్ట పల్లెల నుంచి మగ్గం పనికి ఇక్కడికి వచ్చిన మన పద్మశాలి పెద్దలకు గుంటుక కొత్తేమీ కాదు.

గీతతో పని పొలానికే కాదు. సోలాపూర్‌కు తూర్పున బీదర్. అక్కడి బిద్రీ పనివాళ్లు జింకు, రాగి కలిపి పోసిన పాత్రకు ముందు మైలుతుత్తం రుద్ది నల్లగా చేస్తారు. ఉలితో గీసే గీత తెల్లగా కనపడాలని! ఆ గాట్లలో వెండిని కొట్టి కూర్చుతారు. చివర్లో బీదర్ కోట మట్టిని నవాసారంతో కలిపి, వేడి చేసిన పాత్రకు రుద్దుతారు. లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం అలాగే మెరుస్తుంది. తాటాకు మీద గంటంతో గీసి మసి రుద్దిన మన పాత లేఖకులదీ ఇలాంటి నేర్పే.

ఇక ఆటపాటల్లో గీతల సంగతి. హంపి మంటపాల బండల మీద ఎప్పుడో గీసిన ఆటల గళ్లు ఇప్పటికీ ఉన్నాయి. తొక్కుడుబిళ్లకు పెంకుముక్కతో నేల మీద నాలుగు గీతలు గీస్తే చాలు. 1970ల్లో న్యూయార్క్ కుర్రాళ్లు తిరిగే రికార్డును ముల్లు కింద ముందుకూ వెనక్కూ గీరి కొత్త సంగీతమే పుట్టించారు.

నవంబరులో హోట్గి వైపు వెళ్తే, జొన్న చేలో గుంటుక కనిపించిన చోట కాసేపు ఆగి పిల్లలకు చూపించండి. పైరు ఎదిగాక సాళ్లలోకి గుంటుక పోదు.