చెప్పుకోని ఆపరేషన్

"గాల్‌బ్లాడర్‌లో రాళ్లుంటే తీశారు." బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషి గురించి చాలా ఇళ్లలో చుట్టాలకు చెప్పే మాట ఇదే. ఎవరికీ అనుమానం రాదు. దానికైనా దీనికైనా పొట్ట మీద మిగిలేవి నాలుగైదు చిన్న గాట్లే. కొన్నాళ్లు పత్యం ఎలాగూ ఉంటుంది. ఆర్నెల్లు గడిచి, జాకెట్లన్నీ వదులైపోయాక ఎవరైనా ఆరా తీస్తే "వాకింగ్ చేస్తున్నా, రాత్రి అన్నం మానేశా" అనేస్తారు.

ఎందుకు దాస్తారో ఊహించడం కష్టమేమీ కాదు. లావుగా ఉన్నన్నాళ్లూ పెళ్లిళ్లలో, ఆటోల్లో, బట్టల కొట్లలో మాటలు పడిన మనిషి "నోరు కట్టుకోలేక కోయించుకుంది" అన్న మాట కూడా పడాలని ఎందుకు కోరుకుంటుంది? భయపెట్టేవాళ్లకూ కొదవుండదు. 2015లో న్యూజెర్సీలో నటి ఆర్తీ అగర్వాల్ 31 ఏళ్లకే కన్నుమూసిన సంగతి ఇప్పటికీ ఎవరో ఒకరు ఎత్తుతారు. ఆనాటి వార్తల్లో వినిపించింది లైపోసక్షన్, అంటే చర్మం కింది కొవ్వును లాగేసే పద్ధతి. బరువు తగ్గించే ఈ ఆపరేషన్, అంటే బేరియాట్రిక్ సర్జరీ, జీర్ణాశయం మీద చేసేది. దానికీ దీనికీ పోలిక లేదు. రాజకీయ నాయకులు నితిన్ గడ్కరీ 2011లో, అరుణ్ జైట్లీ 2014లో బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్నారని దేశమంతా చదివింది. మన పిన్ని కూతురు చేయించుకున్నది మాత్రం మనకు తెలియదు.

ఈ దాపరికం వల్ల అసలు నష్టం తర్వాత వచ్చేవాళ్లకు. ఆ దారిలో నడిచినవాళ్లు పక్క వీధిలోనే ఉన్నా వీళ్లకు దొరకరు. మంచి సర్జన్ ఎంత అవసరమో, ముందే చేయించుకున్న మనిషి తోడూ అంతే అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ అవసరం కొద్దిమందిది అనుకోవడానికీ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. వాళ్లందరికీ సర్జరీ అక్కర్లేదు, కొందరికే కావాలి. ఎత్తుకు తగ్గ బరువును లెక్కగట్టే బీఎంఐ 35 దాటితే, వేరే జబ్బు లేకపోయినా సర్జరీ సూచించవచ్చని 2022లో అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. ఆసియా వాళ్లకు ఆ గీతను ఇంకా కిందికి దించాయి. మన ఇన్సూరెన్స్ నిబంధనలు మాత్రం 40 ఉండాలంటాయి, లేదా 35 ఉండి అదుపులో లేని షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం), గుండెజబ్బు వంటిది తోడవ్వాలంటాయి. డాక్టర్ సరేనన్నా క్లెయిమ్ ఎందుకు ఆగిందో, ఏ కాగితం జతచేశాక కదిలిందో చెప్పగలిగేది ఆ తంటాలు పడినవాళ్లే.

ఇలాంటివాళ్లు ఒకరికొకరు తోడుగా కలిసే సపోర్ట్ గ్రూపు గదిలోకి వెళ్తే నేను ముందు చూసేది కుర్చీలను. భారీకాయులు కొత్తచోట అడుగుపెట్టగానే చూసేదీ వాటినే: చేతులున్న కుర్చీలా, కూర్చుంటే పట్టేస్తాయా, ప్లాస్టిక్‌వైతే ఆగుతాయా? అనుభవమున్నవాళ్లు సర్దిన గదిలో చేతుల్లేని, వెడల్పాటి కుర్చీలుంటాయి. వచ్చినవాళ్లు గోడకు ఆనుకుని నిలబడిపోకుండా కూర్చుంటారు. కూర్చున్నాక నోరు విప్పుతారు.

అక్కడ వినిపించే ప్రశ్నలు ఓపీలో వినపడవు. స్లీవ్ అనే రకం సర్జరీలో జీర్ణాశయంలో ముప్పాతికకు పైగా తీసేస్తారని, బైపాస్ అనే రకంలో ముప్పై మిల్లీలీటర్ల చిన్న సంచిని మిగిల్చి పేగుకు కలుపుతారని డాక్టర్ బొమ్మ గీసి చెబుతారు. ఇక్కడ అడిగేది వేరు.

"అక్కా, మళ్లీ అన్నం ఎప్పుడు తిన్నారు?"

"రెండు నెలలు దాటాక. నాలుగు ముద్దలు. ఐదోది మింగితే గుండె దగ్గర రాయి అడ్డం పడ్డట్టయిందమ్మా, బాత్రూమ్‌కి పరిగెత్తా. ముందు గుడ్డు, ముద్దపప్పు తిను. అన్నం ఆఖర్న, చోటుంటేనే."

"మంచినీళ్లో?"

"తింటూ తాగకు. అరగంట ఆగు. మా అత్తగారు కంచం పక్కన గ్లాసు పెడితే నేను తీసి అవతల పెట్టేదాన్ని."

రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అని డైట్ చార్టులో ఉంటుంది. అది మన వంటింట్లో ఏ గిన్నెలోకి ఎలా వస్తుందో ఇలాంటి మాటల్లోనే తేలుతుంది. మూడు, నాలుగు నెలలకు దువ్వెన నిండా జుట్టు వస్తుంటే, "నాకూ ఊడింది, మళ్లీ వచ్చింది, ఇదిగో చూడు" అని ఒకరు జడ ముందుకేసి చూపిస్తే కలిగే ధైర్యం వేరు. బైపాస్ అయినవాళ్లు సంక్రాంతికి ఒక అరిసె తిని చెమటలు పట్టి, గుండె దడతో మంచమెక్కితే, అది డంపింగ్ అని, తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే అలాగే అవుతుందని చెప్పేవాళ్లూ కావాలి. పెళ్లిలో "మా మీద కోపమా, మారు వడ్డించుకోవేం" అనే మేనత్త నొచ్చుకోకుండా ఎలా సమాధానం చెప్పాలన్నదీ పెద్ద సమస్యే.

పెళ్లీడు అమ్మాయిల సంగతి చెప్పి తీరాలి. సంబంధాలు రావడం లేదని సర్జరీ చేయించి, ఏడాది తిరక్కుండా పెళ్లి చేసి, అత్తవారింట ఆ మాటే ఎత్తొద్దని పంపే తల్లిదండ్రులున్నారు. సర్జరీ అయ్యాక ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం వద్దని డాక్టర్లు చెబుతారు. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. భర్తకు కూడా తెలియని అమ్మాయి ఆ మాత్రలను బట్టల బీరువాలో దాచుకుంటుంది, రక్తపరీక్షలు మానేస్తుంది, పిల్లలు ఇప్పుడే వద్దని చెప్పడానికి ఆమె దగ్గర కారణం ఉండదు. ఆ అమ్మాయికి కనీసం ఒక్క మనిషి తెలిసి ఉండాలి, ఫోన్ చేస్తే ఎత్తే మనిషి.

మొదటి ఏడాది తోడు లేకపోయినా ఎలాగో గడిచిపోతుంది. తూకంలో ప్రతివారం అంకె పడిపోతుంటుంది, చూసినవాళ్లంతా మెచ్చుకుంటారు. రెండో ఏడు మెచ్చుకోళ్లు ఆగుతాయి. తర్వాత నాలుగైదు కిలోలు తిరిగొస్తాయి. చాలామందికి కొంత రావడం మామూలే, కానీ ఆ మాట వాళ్లకు చెప్పినవాళ్లుండరు. తప్పు తనదేనన్న సిగ్గుతో చెకప్‌కు వెళ్లడం మానేస్తారు. బైపాస్ తర్వాత మద్యం తొందరగా, ఎక్కువగా ఎక్కుతుంది. తాగుడు అలవాటుగా మారే ముప్పు రెండో ఏట పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. కొందరిలో దిగులు తిరగబెడుతుంది, చచ్చిపోవాలన్న ఆలోచనలూ రావచ్చు. అప్పుడు వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. ఆ మనిషి ఫోన్ ఎత్తడం మానేసిందని ముందు కనిపెట్టేది మాత్రం తోటివాళ్లే. గ్రూపులకు వచ్చేవాళ్లు సగటున ఎక్కువ బరువు తగ్గుతున్నారని అధ్యయనాలున్నాయి. పట్టుదల ఉన్నవాళ్లే గ్రూపుకూ వస్తారేమోనన్న సందేహం న్యాయమైనదే. అయినా నేను గ్రూపు విలువను కిలోల్లో కొలవను.

అమెరికాలో బేరియాట్రిక్ కేంద్రాలకు గుర్తింపునిచ్చే ప్రమాణాల్లో సపోర్ట్ గ్రూప్ కూడా ఒకటి. మన దగ్గర అది ఆసుపత్రి శ్రద్ధను బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల సర్జరీకి ముందు, తర్వాత ఫొటోలు చూపించి చప్పట్లు కొట్టించే సభలనే గ్రూపు అంటున్నారు. తగ్గినవాళ్లే మాట్లాడి, పెరిగినవాళ్లు కనిపించకుండా పోయే చోట నేర్చుకునేది సగమే. ప్రొటీన్ పొడి డబ్బాలు అంటగట్టే చోటుకు దూరంగా ఉండండి. షుగర్, బీపీ మాత్రల డోసు గ్రూపులో ఎవరో చెప్పారని మార్చకండి. వాంతులు ఆగకపోయినా, నీళ్లు కూడా దిగకపోయినా, కడుపునొప్పితో జ్వరం, గుండెదడ వచ్చినా గ్రూపులో మెసేజ్ పెట్టి జవాబు కోసం చూడకూడదు, ఆసుపత్రికి వెళ్లిపోవాలి. రోజుల తరబడి వాంతులైతే బీ1 విటమిన్ అడుగంటి చూపు, నడక దెబ్బతింటాయి. అనుభవమున్నవాళ్లు కొత్తవాళ్లకు ముందుగా చెప్పేదీ ఇదే.

గుంటూరులోనో వరంగల్‌లోనో ఉంటే గ్రూపు దొరకకపోవచ్చు. ఇద్దరు చాలు. సర్జన్‌ను అడగండి: మీ దగ్గర చేయించుకుని ఐదేళ్లు దాటినవాళ్లు, కొంత బరువు తిరిగొచ్చినవాళ్లు ఎవరైనా వాళ్లకిష్టమైతే నాతో మాట్లాడతారా? వాళ్ల అనుమతి తీసుకుని నంబరిస్తే మాట్లాడండి, వీలైతే ఇంట్లోవాళ్లను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఆపరేషన్ తేదీ ఆ తర్వాత ఖాయం చేసుకోవచ్చు.